స్కూలు హాలు గడియారం

“అంటే నా కంచం నేను ఒళ్ళో పెట్టుకు తినాలన్నమాట,” అన్నాడు కొడుకు. ఈ మాట అనడం అప్పటికి మూడోసారి.

“ఒళ్ళో ఎందుకు? ఆ మూల ఖాళీయేగా,” అంది కోడలు, తలెత్తకుండానే.

“ఆ మూలా? అక్కడ కంచం సగం గాల్లో ఉంటుంది. నిన్న టీ కప్పు పెడితే అందులో చక్రం తేలింది.”

“తేలలేదు, మునిగింది. ఇత్తడి తేలదు.”

మనవరాలు కిసుక్కున నవ్వింది. “అమ్మ మార్కులు తీసేసింది నాన్నా.”

“నవ్వు, నవ్వు. రేపు నీ కూరలో స్ప్రింగు తగుల్తుంది, అప్పుడు తెలుస్తుంది.”

సిస్టరమ్మ సోఫాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఇదంతా వింటోంది. పెద్దాసుపత్రిలో ముప్పై ఏళ్ళకు పైగా నర్సుగా చేసి రిటైరైన మనిషి. వీధిలో పిల్లా పెద్దా ఇప్పటికీ ఆవిడని సిస్టరమ్మనే పిలుస్తారు. కొడుకూ కోడలూ వాదించుకుంటుంటే మధ్యలో దూరకూడదన్నది ఆవిడ వార్డులో నేర్చుకున్న నీతి. ఇద్దరు డాక్టర్లు మాటామాటా అనుకుంటున్నప్పుడు నర్సు దూదీ కత్తెరా సర్దుకుంటూ ఉండాలి. అంతేగానీ చెవులు మూసుకోమని ఎవరూ చెప్పలేదు.

కొడుకు మాటలో న్యాయం లేకపోలేదు. నలుగురు కూర్చుని తినే బల్ల అది. ఇప్పుడు ముప్పాతిక మీద పాత దుప్పటి ముక్క పరిచి ఉంది. దాని మీద పళ్ళ చక్రాలు, మరలు, చిన్న పట్టకార్లు, నూనె సీసా, ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోయేంత బుల్లి సీలలు. గడియారాల షాపాయన ముసలితనం వచ్చి పని తగ్గించుకుంటూ, తన దగ్గర నేర్చుకోవడానికి శనివారాలు వచ్చే ఈ లెక్కల టీచరు కోడలికి తన పాత పనిముట్ల పెట్టె ఇచ్చేశాడు. ఆ రోజునుంచీ ఈ బల్ల మీద భోజనం మొహమాటంగానే సాగుతోంది.

కోడలికి నలభై మూడు. ఒక కళ్ళజోడు తలమీద, ఒకటి మెడలో, పని చేసేటప్పుడు కంటికి భూతద్దం. స్కూల్లో తొమ్మిదికీ పదికీ లెక్కలు చెబుతుంది. నలభయ్యో ఏట ఈత నేర్చుకుంది. దానికి ముందు మౌతార్గాన్ వాయించేది, ఇప్పటికీ బట్టలు ఆరేస్తూ వాయిస్తుంది, నోట్లో క్లిప్పులు లేనప్పుడు. ఆ పైన ఈ గడియారాలు.

“రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాళ్ళని చూశాను,” అన్నాడు కొడుకు. “అయిదు పడవలవాళ్ళని నిన్నే చూస్తున్నా.”

“పడితే ఈదుకుంటా. ఈత వచ్చుగా.”

“జోకులు కాదు. మీ హెడ్మిస్ట్రెస్ పిలిచి మరీ పరీక్షల ఇన్‌ఛార్జి చేస్తానంటోంది. ఎంతమందికి వస్తుంది ఆ అవకాశం? నువ్వేమో ఆలోచించి చెబుతానన్నావు. ఏం ఆలోచిస్తావు? సాయంత్రం ఏడింటిదాకా స్కూల్లో ఉంటే ఈ టిక్కుటిక్కులు ఎవరు చూస్తారనేగా?”

కోడలు పట్టకారు కింద పెట్టింది. ఆ మాట సూటిగా తగిలిందని సిస్టరమ్మకు తెలిసింది.

“సరే,” అంది కోడలు. “అదిగో, స్కూలు హాలు గడియారం.” గోడ వైపు చూపించింది. గుండ్రటి చెక్క చట్రంలో పెద్ద తెల్లటి ముఖం, దాని కింద చిన్న గూట్లో లోలకం, రెంటికీ గాజు తలుపులు. ఏళ్ళ తరబడి ఆగిపోయి ఉన్నదాన్ని తను బాగుచేస్తానని మోసుకొచ్చింది. నెల రోజులు విప్పి, కడిగి, మళ్ళీ కూర్చింది. నిన్ననే నడక మొదలుపెట్టింది. “ఇప్పుడు సరైన టైం పెడుతున్నా. వారంపాటు దాన్ని ముట్టుకోను. నిమిషానికి మించి తేడా రాకపోతే నా పని నన్ను చేసుకోనివ్వండి. వస్తే పెట్టె షాపాయనకి తిరిగిచ్చేస్తా, పరీక్షల పని ఒప్పుకుంటా.”

“మాట?”

“మాట. మీరు కూడా ముట్టుకోకూడదు. నువ్వూ అంతే,” అని కూతురికి వేలు చూపించింది.

సిస్టరమ్మకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. పరాయి వస్తువు మీద చెయ్యి వేసే మనిషి కాదు గదా ఆవిడ.

మర్నాడు, సోమవారం పొద్దున్న యథాప్రకారం ఇల్లు ఒక్క ఊపున లేచింది. కోడలు ఒక చేత్తో కూర కలుపుతూ, ఇంకో చేత్తో ఎదురింటి అమ్మాయి తెచ్చిన లెక్క దిద్దుతూ, “ఇక్కడ గుర్తు మార్చడం మర్చిపోయావు, మిగతాదంతా ముత్యంలా ఉంది,” అని, “ఏవండీ, మీ తాళాలు ఫ్రిజ్ మీద,” అని, చెప్పులు వేసుకుంటూనే గడియారం వైపు ఒక చూపు చూసి వెళ్ళిపోయింది. ఆ చూపు సిస్టరమ్మ పట్టుకుంది. కొత్తగా నడక నేర్చిన పిల్లని వదిలి పనికి వెళ్ళే తల్లి చూపు అది.

అందరూ వెళ్ళాక ఇల్లు చల్లబడింది. సిస్టరమ్మ దుప్పట్లు మడిచింది, మందు బిళ్ళ వేసుకుంది, రేడియో పెట్టింది. తొమ్మిదింటి వార్తలకు ముందు వచ్చే బీప్ శబ్దాలు మొదలయ్యాయి. ఆవిడ కాళ్ళు వాటంతటవే గోడ దగ్గరికి నడిచాయి. వార్డులో డ్యూటీ ఎక్కగానే మొట్టమొదటి పని అదే. రేడియోకి వార్డు గడియారం సరిచూడాలి. ఇంజెక్షనుకైనా పుట్టిన బిడ్డకైనా పోయిన ప్రాణానికైనా ఆ గడియారమే సాక్షి. ఉద్యోగం వదిలింది గానీ ఆ చేతికి అలవాటు వదల్లేదు. అందులో ఈ ఇంట్లో ఇన్నాళ్ళూ పెద్ద ముల్లున్న గడియారం లేదాయె. గడియారం నాలుగైదు నిమిషాలు వెనకబడి ఉంది. ఆవిడ గాజు తలుపు తీసి, వేలితో ముల్లుని మృదువుగా ముందుకు జరిపి, తలుపు మూసి, వేలిముద్ర పడిందేమోనని చీర చెంగుతో తుడిచింది. ఇది పరాయి వస్తువు మీద చెయ్యి వెయ్యడం అని ఆవిడకు తట్టనేలేదు. తట్టడానికి అది పనేమిటి, పళ్ళు తోముకోవడం లాంటిది.

సాయంత్రం కోడలు వచ్చి బ్యాగు భుజాన ఉండగానే చేతి వాచీ పక్కన పెట్టి చూసింది. రెండు నిమిషాలు వెనక. ముఖం వాడింది. మంగళవారం సాయంత్రం మళ్ళీ చూసింది. అవే రెండు నిమిషాలు.

“అంటే ఇవాళ అస్సలు తప్పలేదు!” అంది ఆశ్చర్యంగా. “నిన్న తప్పినదే మిగిలింది, కొత్తగా ఏం తప్పలేదు.”

“పందెం నిమిషానికి కదా,” అన్నాడు కొడుకు, కంచం ఒళ్ళో పెట్టుకుని.

“వారం అవ్వనివ్వండి.”

బుధవారం కోడలు దగ్గరిచూపు కళ్ళజోడు మర్చిపోయి వెళ్ళింది. హడావిడిలో కళ్ళజోడు పెట్టెలో భూతద్దం పెట్టుకుని పోయింది. సిస్టరమ్మ వార్తలయ్యాక, ముల్లు జరిపాక, కళ్ళజోడు తీసుకుని బస్సెక్కింది. మధ్యాహ్నానికి స్కూలు చేరింది.

ముందు హాలు దాటాలి. వేదిక పైన గోడ మీద రంగు వెలవని గుండ్రటి మచ్చ ఒకటి, కింద చిన్న తోకతో, కనిపించింది, గడియారం ఉండే చోటు. ఇద్దరు పిల్లలు పరుగెత్తుతూ వచ్చి తలెత్తి ఆ మచ్చను చూశారు. “టైమెంతయిందే?” “గుండ్రంగా అయింది,” అంది రెండోది. ఇద్దరూ నవ్వుకుంటూ పోయారు.

క్లాసు కిటికీ దగ్గర సిస్టరమ్మ ఆగిపోయింది. లోపల కోడలు బల్ల మీద రెండు పళ్ళ చక్రాలు ఒకదానికొకటి ఆనించి తిప్పుతోంది. “పెద్దది ఒకసారి తిరిగేసరికి చిన్నది ఎన్నిసార్లు? చూసి చెప్పొద్దు, లెక్క కట్టి చెప్పండి.” వెనక బెంచీలో ఒకమ్మాయి తప్పు చెప్పింది. ఎవరో నవ్వారు. కోడలు నవ్వలేదు, నవ్వినవాణ్ణి తిట్టనూ లేదు. “అలా వస్తే ఈ గడియారంలో గంటకి నలభై నిమిషాలే ఉంటాయి. మంచిదే, బడి తొందరగా వదిలేస్తారు. కానీ మనది అరవై. ఇంకోసారి చూడు,” అంది. ఆ అమ్మాయి ఇంకోసారి చూసింది. ఈసారి సరిగ్గా చెప్పింది. చెప్పి, బెంచీ మీద ఓ అంగుళం పొడుగైంది.

ఆపరేషను గదిలో సిస్టరమ్మ ఎందరి చేతుల్నో చూసింది. పేరున్న చేతులు, వణికే చేతులు, విసుక్కునే చేతులు. ఒక పెద్దాయన ఉండేవాడు, కోత పెట్టేముందు చేతిని గాలిలో ఒక క్షణం నిలిపేవాడు, ఆ చేతికి ఎక్కడికెళ్ళాలో ముందే తెలిసినట్టు. ఆయన పోయాక మళ్ళీ అలాంటి చెయ్యి చూడననుకుంది. ఇప్పుడు సుద్దముక్కతో పళ్ళ చక్రం మీద గుర్తు పెడుతున్న ఈ చెయ్యి కూడా అలాగే ఒక క్షణం ఆగింది. ఇన్నేళ్ళుగా తనతో ఉల్లిపాయలు తరుగుతున్న చెయ్యే అది.

పీరియడు అయ్యాక కోడలు పరుగున బయటికొచ్చింది. “అత్తయ్యా! ఇంత దూరం మీరెందుకొచ్చారు?”

“నువ్వు భూతద్దం పెట్టుకుని పేపర్లు దిద్దితే పిల్లల సున్నాలు మరీ పెద్దవిగా కనిపిస్తాయని.”

కోడలు నవ్వింది గానీ కళ్ళకింద నలుపు నవ్వలేదు. “గోడ చూశారా? రోజూ అడుగుతున్నారు పిల్లలు, ఎప్పుడొస్తుందని. నేను పందెం కట్టకుండా ఉండాల్సింది.”

తిరుగు బస్సులో సిస్టరమ్మకు మనసు మనసులో లేదు. ఆ పెట్టె ఇంట్లోంచి పోకూడదు. ఆ పెట్టె పోతే బల్ల ఖాళీ అవుతుంది నిజమే. కానీ దాంతోపాటు ఇంకేదో కూడా ఖాళీ అవుతుంది, దానికి పేరు పెట్టడం ఆవిడకు చేతకాలేదు. ఇల్లు చేరేసరికి సాయంత్రం వార్తలు మొదలవుతున్నాయి. గడియారం మళ్ళీ కాస్త వెనకబడి కనిపించింది. అయ్యో పాపం అనుకుని మరోసారి సరిచేసింది.

ఆ సాయంత్రం కోడలు గడియారం చూసి కెవ్వుమంది. “సరిగ్గా ఉంది! సెకను కూడా తప్పలేదు!” మౌతార్గాన్ తీసి వంటింట్లో వాయించింది. కొడుకు కూడా మొహమాటంగా తాళం వేశాడు. సిస్టరమ్మ ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

గురువారం మళ్ళీ రెండు నిమిషాలు వెనక.

కోడలు చాలాసేపు గడియారం ముందు నిలబడింది. తర్వాత వచ్చి, దుప్పటి ముక్క మీద పనిముట్లు ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో సర్దడం మొదలుపెట్టింది. అందరూ భోజనానికి కూర్చునేసరికి బల్ల సగం ఖాళీ అయింది. కొడుకు తన కంచం ఆ ఖాళీలో పెట్టుకున్నాడు. పెట్టుకుని, అది గెలుపులా లేదని తెలిసి, కాస్త పక్కకు జరిపాడు.

“వారం కాలేదుగా,” అన్నాడు నెమ్మదిగా.

“అక్కర్లేదండీ. రోజూ ఇంత అని తప్పితే దిద్దొచ్చు. ఒకరోజు తప్పుతుంది, ఒకరోజు తప్పదు, ఒకరోజు తనంతట తనే ముందుకొచ్చి కూర్చుంటుంది. దీని లోపల ఏదో అరిగిపోయింది. అదేమిటో నాకు దొరకలేదు. ఆదివారం పెట్టె ఇచ్చేసొస్తా.” గొంతు మామూలుగానే ఉంది. క్లాసులో మార్కులు చదివే గొంతు. “నలభై దాటాక కొత్త పని పట్టుకుంటే ఇంతే.”

“బుధవారం మాత్రం బాగా నడిచిందిగా అమ్మా,” అంది మనవరాలు. “బుధవారం స్పెషలేంటి?”

“నానమ్మ స్కూలుకెళ్ళింది,” అన్నాడు కొడుకు. వాతావరణం తేలిక చెయ్యాలని, “నానమ్మ ఇంట్లో లేకపోతే గడియారానికి ప్రాణం లేచొస్తుందన్నమాట!”

“లేకపోవడమేంట్రా, సన్నాసీ,” అంది సిస్టరమ్మ గరిటె పట్టుకుని. “వచ్చాక మళ్ళీ ఒకసారి సరిచేశాను కూడాను.”

కోడలు చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది.

“మళ్ళీ అంటే?” అంది కోడలు.

“అదే, పొద్దున్న వార్తలకి చేసేది కాక…” అని సగంలో సిస్టరమ్మ ఆగిపోయింది. గరిటెలోంచి పులుసు చుక్క కంచంలో పడింది. తను ఏం చెప్పిందో తనకే అప్పుడు వినిపించింది. “రోజూ చేస్తాను గదమ్మా. తొమ్మిదింటికి. వార్డులో చేసినట్టే.”

“రోజూనా!”

“నాకు చెప్పలేదుగా ఎవరూ!” ఆవిడ ముఖం చిన్నబోయింది. “నీ కష్టమంతా నా చేత్తో నేనే చెడగొట్టానా, అమ్మాయ్?”

కోడలు కళ్ళజోడు తలమీదినుంచి దింపుకుంది. ఎడమచేతి వేలితో బల్ల మీద గీస్తోంది. “తొమ్మిదికి మీరు సరిచేస్తారు. అయిదుకి నేను చూస్తాను. రెండు నిమిషాలు వెనక. అంటే ఎనిమిది గంటలకి రెండు. రోజుకి ఆరు.” తలెత్తింది. “సోమవారం అంతే. మంగళవారం అంతే. ఇవాళా అంతే. బుధవారం మీరు సాయంత్రం మళ్ళీ దిద్దారు కాబట్టి తప్పు కనపడలేదు. అత్తయ్యా! ఇది రోజూ కచ్చితంగా ఒకేలా తప్పుతోంది. ఏమీ అరగలేదు. లోలకం కింద మర బిగిస్తే చాలు, వేగం అందుకుంటుంది!”

“అంటే రోగి బాగానే ఉన్నాడు,” అంది సిస్టరమ్మ నీరసంగా.

“రోగి బ్రహ్మాండంగా ఉన్నాడు. నర్సే ఓవర్‌టైం చేస్తోంది!” అన్నాడు కొడుకు. మనవరాలు నవ్వాపుకోలేక దగ్గింది. కోడలు నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. సిస్టరమ్మ కూడా నవ్వింది, అందరికంటే ఆలస్యంగా.

“వారం మళ్ళీ మొదటినుంచి,” అన్నాడు కొడుకు. “పందెం పందెమే. కానీ ఆటలో అమ్మ దిగిందని నాకు తెలియదు.”

కోడలు ముల్లుని సరైన టైముకి పెట్టి, కింది గాజు తలుపు తీసి, లోలకం బిళ్ళ కింద ఉన్న మరను కాస్త తిప్పింది. మధ్యలో ఆగి, చెయ్యి గాలిలో నిలిపి, ఇంకొంచెం తిప్పింది.

ఆ వారం సిస్టరమ్మకు పెద్ద పరీక్ష. రేడియోలో బీప్ శబ్దం రాగానే కాళ్ళు లేచేవి. ఒకరోజు బఠాణీల గిన్నె ఒళ్ళో పెట్టుకుంది. ఒకరోజు రేడియోనే పెట్టలేదు, దేశంలో ఏం జరుగుతోందో తెలియక మధ్యాహ్నందాకా గింజుకుంది. ఇంకో రోజు చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంటే పాలవాడు చూసి, “ఏం సిస్టరమ్మా, చలిగా ఉందా?” అని అడిగాడు.

కోడలి పరుగు మాత్రం ఆగలేదు. పదో తరగతికి అదనపు క్లాసులు, ఎదురింటి అమ్మాయికి బీజగణితం, మనవరాలికి జ్వరం, ఆదివారం ఈత. ఒకరోజు కూర మాడింది. ఒకరోజు రెండు రంగుల చెప్పులు వేసుకుని స్కూలుకెళ్ళింది. మర్నాడు పొద్దున్నే లేచి, జత చెప్పులు గుమ్మం దగ్గర పెట్టుకుని, మళ్ళీ మొదలుపెట్టింది. సిస్టరమ్మ చూస్తూనే ఉంది. ఈ మనిషిని తను కోడలిగా ఎరుగుదు, టీచరుగా ఎరుగుదు. రోజూ వెనకబడి రోజూ తనను తాను సరిచేసుకునే మనిషిగా చూడటం మాత్రం ఈ మధ్యనే మొదలుపెట్టింది.

వారం నిండిన సాయంత్రం నలుగురూ గడియారం ముందు నిలబడ్డారు. కొడుకు ఫోన్లో టైము చూశాడు. మళ్ళీ చూశాడు. అతనికే చెప్పడానికి మనసొప్పలేదు.

“రెండు నిమిషాలు వెనక,” అన్నాడు. “పోనీ… దాదాపు నిమిషమే అనుకుందాం.”

“రెండే,” అంది కోడలు. “తప్పు తప్పే. ఓడిపోయాను.”

లోలకం తన పని తను చేసుకుపోయింది. ఒక్క వేలు, ఒక్కసారి, పొద్దున్న తను… అనుకుని సిస్టరమ్మ తనను తనే కసురుకుంది.

“భోజనానికి రండి,” అంది కోడలు.

బల్ల దగ్గరికి వచ్చి చూస్తే అది పూర్తిగా ఖాళీగా ఉంది. దుప్పటి లేదు, సీసా లేదు. నాలుగు కంచాలు, మధ్యలో కూర గిన్నె. పనిముట్ల పెట్టె కనిపించలేదు. కొడుకు తన పాత చోట కూర్చుని, కంచం అటూ ఇటూ జరిపి, “ఇంత వెడల్పా ఇది,” అన్నాడు. ఆ మాటలో సంతోషం లేదు. “చూడు, నేనేదో విసుగులో అన్నాను. పందెం సంగతి…”

“నేను చెప్పనివ్వండి,” అంది కోడలు. అందరికీ వడ్డించి, తనూ కూర్చుని, గొంతు పెంచకుండా చెప్పింది.

“పందెం ఓడిపోయాను, ఒప్పుకుంటున్నా. కానీ కట్టడమే తప్పు కట్టాను. ఎవరూ చెయ్యి వెయ్యకుండా నిమిషం కూడా తప్పకుండా నడవాలన్న షరతు గడియారానికే పెట్టకూడదు, అందులో నాకు అసలు పెట్టుకోకూడదు. ఇవాళ హెడ్మిస్ట్రెస్‌తో మాట్లాడాను. పరీక్షల పని వద్దని చెప్పేశాను. పదో తరగతి అదనపు క్లాసులు మాత్రం నావే. సోమవారం గడియారం తీసుకెళ్ళి హాల్లో పెడుతున్నా. వారానికోసారి కీ ఇచ్చేటప్పుడు రెండు నిమిషాలు ముందుకు జరపాలి. అది నేను చేస్తాను. ఈ బల్ల ఇకనుంచి మీది. నా సామాను, పెట్టెతో సహా, అత్తయ్య గదిలో కిటికీ కింద పెట్టుకుంటున్నా. అత్తయ్యని అడిగాను.”

కొడుకు తల్లి వైపు చూశాడు.

“నన్నెప్పుడు అడిగావే?” అంది సిస్టరమ్మ.

“ఇప్పుడే.”

సిస్టరమ్మ కూర గిన్నె కోడలి వైపు జరిపింది.

“కిటికీ కింద వద్దు,” అంది. “పక్కకి పెట్టుకో. మధ్యాహ్నం వెలుతురు అక్కడే బాగా వస్తుంది.”